మెదడువాపు: పందిని కాల్చారు, గోడను అడగలేదు

మెదడువాపు గురించి రాస్తానని పోయిన నెలలో అన్నాను. సెమిస్టర్ పేపర్లు దిద్దే పని మీద పడి ఆలస్యమైంది. ఇది కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపిక చేసుకుని చదవండి.

ముందే చెప్తున్నా, నేను తెలుగు చదివిన డాక్టర్‌ని, సూదిమందు డాక్టర్‌ని కాదు. పేరు ముందు 'డా.' చూసి మా ఊళ్లో ఇప్పటికీ మోకాళ్ల నొప్పులకు మాత్రలు అడుగుతారు, అది వేరే ముచ్చట. నా పని మాటలతో. అందుకే మాట దగ్గరే మొదలుపెడతా.

మనం 'మెదడువాపు' అని ఒక్క మాటతో సరిపెట్టే చోట డాక్టర్లకు రెండు మాటలున్నాయి. ఎన్‌సెఫలైటిస్ అంటే మెదడే వాచిపోవడం, ఎక్కువసార్లు ఏదో ఒక వైరస్ వల్ల. ఎన్‌సెఫలోపతి అంటే మెదడు పని చెడిపోవడం. అక్కడ కారణం మెదడు బయట కూడా ఉండొచ్చు. రక్తంలో చక్కెర పడిపోవచ్చు, కాలేయం చెడిపోవచ్చు, సీసంలాంటి విషం ఒంట్లో చేరొచ్చు, ఊపిరి అందకపోవచ్చు. పైకి చూస్తే అన్నీ ఒకేలా కనిపిస్తాయి. పిల్ల మగతగా పడిపోతుంది, ఫిట్స్ వస్తాయి, కళ్లు తేలేస్తుంది. అందుకే సర్కారు లెక్కల్లో మూడో పేరు ఒకటి పెట్టుకున్నారు, అక్యూట్ ఎన్‌సెఫలైటిస్ సిండ్రోమ్ అని. ఆస్పత్రుల్లో ఏఈఎస్ అంటారు. జ్వరంతో పాటు అయోమయమో ఫిట్సో ఉంటే, కారణం తేలేదాకా అందరినీ అందులోనే రాస్తారు.

అంటే అది జబ్బు పేరు కాదు, గంప పేరు. ఆ గంపలో దోమ తెచ్చిన జబ్బుంటుంది, ఈగ తెచ్చిన జబ్బుంటుంది. పొదల్లో, గడ్డిలో ఉండే కంటికి ఆనని పురుగు కుడితే వచ్చే స్క్రబ్ టైఫస్ ఉంటుంది. తిండి లేక వచ్చింది కూడా ఉంటుంది. డాక్టర్లకు ఆ సంగతి తెలుసు. పేపర్లకు, ఆఫీసులకు, ఊరికి మాత్రం గంప మీద ఒక్క చీటీ ఉంటే చాలు. మన దగ్గర ఆ చీటీ మీద రాసిన మాట 'పంది'.

పందికి ఇందులో పాత్ర లేదని నేను అనను. జపనీస్ ఎన్‌సెఫలైటిస్ అనే జబ్బుంది. మన దేశంలో దీన్ని మొదట గుర్తించింది 1955లో, వేలూరు ప్రాంతంలో. ఆ వైరస్ సహజంగా ఉండేది కొంగల్లాంటి నీటిపక్షుల్లో. ఒక పక్షి నుంచి ఇంకో పక్షికి మోసేది క్యూలెక్స్ రకం దోమ. ఆ దోమ గుడ్లు పెట్టేది ఎక్కువగా నీళ్లు నిలిచిన వరిమడిలో. కొంగను కుట్టిన దోమ పందిని కుడితే పంది రక్తంలో వైరస్ బాగా పెరుగుతుంది. పందికి పెద్దగా ఏమీ కాదు, చూడి పందులకు మాత్రం ఈసుకుపోతుంది. ఆ పందిని కుట్టిన దోమ మనిషిని కుడితే మనిషికి సోకుతుంది. అక్కడితో ఆగిపోతుంది. మనిషి రక్తంలో మళ్లీ దోమకు అంటుకునేంత వైరస్ ఉండదు కాబట్టి ఒకరి నుంచి ఒకరికి రాదు. సోకిన అందరికీ జబ్బు కూడా రాదు. సుమారు 250 మందికి సోకితే ఒకరికి ముదురుతుంది. కానీ ముదిరితే మందు లేదు. నూటికి 30 మంది వరకు చనిపోవచ్చు. బతికినవాళ్లలో చాలామందికి చేయో, కాలో, మాటో, చదువో పోతుంది.

కొంగ, దోమ, వరిమడి, పంది, మనిషి. ఇన్ని ఉన్న గొలుసులో మన ఊళ్లకు కనబడింది ఒక్క పంది. పంది వెనక దాన్ని మేపే ఎరుకల మనిషి, ఆ మనిషి పక్కన మా వాడ.

1999 చివర్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ జబ్బు బాగా వచ్చింది. నాకప్పుడు పన్నెండేళ్లు. మాది పాత కరీంనగర్ జిల్లాలో ఒక ఊరు, కాకతీయ కాలువ నీళ్లు పారే ఊరు. రెండు పంటలూ వరే. మాదిగవాడ దాటితే నాలుగు ఎరుకల ఇండ్లు, అవి దాటితే ఊరి మురికినీళ్లన్నీ వచ్చి చేరే కుంట. ఆ ఇండ్లు అక్కడెందుకున్నాయో ఎవరూ అడగరు. అక్కడే ఉండమన్నారు కాబట్టి ఉన్నాయి. ఒకరోజు పొద్దున్నే ట్రాక్టరొచ్చింది, వెంట తుపాకులు పట్టుకుని ఇద్దరు. ముందు చెప్పిన మనిషి లేడు, కాగితం లేదు. మధ్యాహ్నానికల్లా పందులు అయిపోయాయి. పెద్దవి పడిపోయాక పిల్లలు వాటి చుట్టే తిరుగుతుంటే వాటిని కట్టెలతో కొట్టారు. గుంట తవ్వి సున్నం పోసి పూడ్చారు. ఆ గుంట తవ్వడానికి పిలిచింది మా వాడ మగవాళ్లనే, కూలికి.

పంది అంటే ఆ ఇండ్లలో ఏమిటో తెలియనివాళ్లకు చెప్పాలి. అది వాళ్ల బ్యాంకు. ఒక చూడిపంది అమ్మితే కొడుకు హాస్టల్‌కు ట్రంకుపెట్టె, చెప్పులు, దుప్పటి. రెండు అమ్మితే బిడ్డ పెండ్లికి అడ్వాన్సు. గంపలు, చాటలు అల్లితే పూట గడిచేది, పంది ఉంటే ఏడాది గడిచేది. నష్టపరిహారం అనే మాట అక్కడ ఎవరి నోటా నేను వినలేదు.

ఆ వారమే బళ్లో మా వాడ పిల్లల్నీ ఎరుకల పిల్లల్నీ వెనక గోడ పక్కన వేరే కూర్చోబెట్టారు. మనిషి నుంచి మనిషికి రాని జబ్బుకు! దూరంగా కూర్చోబెట్టడానికి ఆ బడికి పాత అలవాటు ఉండనే ఉంది, ఇప్పుడు సైన్సు పేరుతో ఒక కారణం దొరికింది, అంతే.

ఆ సంవత్సరమంతా కాలువ కింది మళ్లల్లో కొంగలు ఎప్పటిలాగే వాలాయి. కొంగను ఎవరూ కాల్చలేదు. కాల్చమని కూడా నేను అనడం లేదు. కొంగ తెల్లగా ఉంటుంది, కవుల నోట ఉంటుంది, ఎవరి కులానికీ గుర్తు కాదు. వరిమడిని కూడా ఎవరూ ఏమీ అనలేదు. మడిలో నీళ్లు ఎప్పుడూ నిలవ ఉంచకుండా మధ్యమధ్య ఆరబెట్టే తడిపొడి పద్ధతి ఉంది, దానివల్ల దోమ పిల్లలు తగ్గుతాయని చాలా దేశాల్లో చేసి చూశారు. కానీ ఆ మాట మడి ఉన్నవాళ్లకు చెప్పాలి. మడి ఉన్నవాళ్లకు చెప్పడం వేరు, పంది ఉన్నవాళ్ల మీదికి తుపాకీ తీసుకెళ్లడం వేరు.

ఇంకొకటి. తిరుమల కొండ ఎక్కినవాళ్లు వెంకటేశ్వరుడి కంటే ముందు పుష్కరిణి గట్టు మీది వరాహస్వామిని చూడాలంటారు, అది ఆచారం. సింహాచలంలో ఉన్నదీ వరాహ నరసింహుడే. అడవిపంది ముఖానికి చందనం పూసి మొక్కే భాషలోనే 'పంది' తిట్టుమాట. నా క్లాసులో దశావతారాల పద్యం చెప్పే రోజు ఈ సంగతి అంటాను. పిల్లలు మొదట నవ్వుతారు, తర్వాత కొందరు నవ్వరు.

టీకా సంగతి కూడా చెప్పాలి. ఈ జబ్బును నిజంగా ఆపేది పందుల్ని చంపడం కాదు, పిల్లలకు టీకా. 2005లో గోరఖ్‌పూర్ చుట్టుపక్కల వెయ్యి మందికి పైగా చనిపోయాక, 2006 నుంచి చైనా టీకా తెప్పించి జిల్లాల వారీగా వేయడం మొదలుపెట్టారు. 2013లో హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ జెన్‌వ్యాక్ అనే టీకా తెచ్చింది. దానికి వాడిన వైరస్ కర్ణాటకలోని కోలార్ నుంచి తీసింది. 1999లో మా ఊరికి తుపాకీ వచ్చిన రోజుకూ టీకా వచ్చిన రోజుకూ మధ్య ఎన్నేళ్లు గడిచాయో మీరే లెక్కేసుకోండి.

ఇక 2003. ఇక్కడి నుంచి రాయడం కష్టంగా ఉంది.

ఆ జూన్‌లో మా చిన్నమ్మ బిడ్డకు ఆరేళ్లు. బడి తెరిచిన వారం. సాయంత్రం ఆడుకుని వచ్చి ఒళ్లు కాలుతోందని పడుకుంది. రాత్రి రెండుసార్లు వాంతి చేసుకుంది. అర్ధరాత్రి దాటాక ఫిట్స్ వచ్చాయి. జీపు దొరికేసరికి తెల్లారింది. పట్నం ఆస్పత్రి చేరాక ఎంతోసేపు లేదు, మధ్యాహ్నం లోపే పోయింది. ముందురోజు సాయంత్రం తొక్కుడుబిళ్ల ఆడిన పిల్ల.

అక్కడ కాగితం మీద రాసుకునే మనిషి మా చిన్నమ్మను అడిగిన మొదటి ప్రశ్న, "మీ ఇంట్ల పందులున్నయా?"

"మాకు లేవు సారూ, పక్కన ఎరుకలోళ్లకున్నయి," అంది చిన్నమ్మ.

ఆ ఒక్క మాట ఊరికి చేరడానికి ఒక పూట పట్టింది. 1999 తర్వాత మళ్లీ అప్పు చేసి రెండు పందులు తెచ్చుకున్న ఇల్లు అది. ఈసారి ట్రాక్టర్ రాలేదు, తుపాకీ రాలేదు. మా వాడ పోరగాళ్లే పోయి దొడ్డి తగలబెట్టారు. నేను చూశాను. ఆ ఇంటి పెద్దవ్వ మంత్రసాని పని కూడా చేసేది. చచ్చిపోయిన పిల్లకు బొడ్డు కోసింది ఆమే. మూడో రోజు ఆమె వచ్చి మా వాడ మొదట్లో చింతచెట్టు కింద నిలబడింది. చిన్నమ్మ చూసి తలుపేసుకుంది. తర్వాత రెండేళ్లకు ఆ ఇల్లు ఊరు విడిచి వెళ్లిపోయింది.

ఆ ఎండాకాలం చివర, వానాకాలం మొదట్లో మా జిల్లాలోనూ వరంగల్‌లోనూ ఇట్లాంటి చావులు వరసగా జరిగాయి. అందరూ పిల్లలే. పేపర్లు మళ్లీ పందుల ఫొటోలే వేశాయి. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థవాళ్లు వచ్చి నమూనాలు తీసుకెళ్లారు. వాళ్లు చెప్పిన సంగతి 2004లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. జూన్ నుంచి ఆగస్టు దాకా 329 మంది పిల్లలకు జబ్బు చేస్తే 183 మంది చనిపోయారు. చాలామంది ఆస్పత్రికి వచ్చిన ఒక్క రోజులోనే. దొరికింది జపనీస్ ఎన్‌సెఫలైటిస్ కాదు. చండీపురా అనే వైరస్. 1965లో నాగపూర్ దగ్గరి చండీపురా అనే ఊళ్లో జ్వరం వచ్చిన మనుషుల రక్తంలో మొదట దొరికింది కాబట్టి ఆ పేరు. కొందరు పిల్లల డాక్టర్లు ఇది మెదడు రక్తనాళాలకు సంబంధించిన దెబ్బ అని అప్పట్లో వాదించారు. ఆ వాదన కూడా నమోదై ఉంది. ఆ వాదనలోనూ పంది లేదు.

చండీపురాను మోసేది ఇసుక ఈగ అంటున్నారు. ఈగ అంటే ఇంటి ఈగ అనుకోకండి. దోమలో మూడో వంతు ఉంటుంది, రెండు మూడు మిల్లీమీటర్లు. ఎక్కువ దూరం ఎగరలేదు, గెంతినట్టు పోతుంది. దోమలాగా నీళ్లలో పుట్టదు. మట్టిగోడ పగుళ్లలో, పశువుల కొట్టంలో, పేడ కలిసిన చెమ్మమట్టిలో పుడుతుంది. పగలు పగుళ్లలో దాక్కుని రాత్రి వచ్చి కుడుతుంది, ఎక్కువగా నేల మీద పడుకున్నవాళ్లను. మామూలు దోమతెర కంతల్లోంచి దూరిపోతుంది కూడా.

మా చిన్నమ్మ పిల్లకు ఏ పరీక్షా చేయలేదు. ఏ వైరస్ అన్నది ఎవరూ చెప్పలేరు, నేనూ చెప్పను. కానీ ఆ ఆస్పత్రిలో ఆ మనిషి అడగాల్సింది ఒక్క ప్రశ్న కాదు కదా. మీ ఇంటి గోడ దేనితో కట్టింది? పిల్ల ఎక్కడ పడుకుంటుంది? రాత్రి ఏం తిన్నది? ఈ మూడూ అడిగితే జవాబులు ఎరుకల ఇంటి వైపు పోవు. ఇల్లు ఇవ్వని ఆఫీసు వైపు పోతాయి. అందుకని అడగలేదని నేను అనను. అడిగే అలవాటు లేదు. ఆ అలవాటు లేకపోవడం ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం నాకు తెలుసు.

పీహెచ్‌డీ చేసే రోజుల్లో యూనివర్సిటీ లైబ్రరీలో ఈ సంగతులు చదివి, పండక్కి ఇంటికి పోయినప్పుడు చిన్నమ్మకు చెప్పాను. ఆమె ఇంకా ఆ ఇంట్లోనే ఉంది. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత వెనక్కి తిరిగి గోడ చూసింది.

"గీ గోడనా?"

"చెప్పలేం చిన్నమ్మా. అయ్యుండొచ్చు. పంది మాత్రం కాదంటున్నరు."

"ఏటా ఎర్రమన్ను పూస్తనే ఉన్న గదా బిడ్డా," అంది. ఇంకాసేపటికి, "ఆ ముసల్ది మూడొద్దులకచ్చి చెట్టుకింద నిలబడ్డది. నీళ్లన్న ఇయ్యలె," అంది.

చిన్నమ్మను నేను తప్పుబట్టను. ఆ ప్రశ్న ఆమె నోటికి అందించింది కుర్చీలో కూర్చున్న మనిషి. పక్కింటిని చూపించడం తప్ప ఆ ప్రశ్నకు వేరే జవాబు లేదు.

గోడ దగ్గర ఆపేద్దామనుకున్నాను. కానీ గంపలో ఇంకొకటి ఉంది. అందులో వైరస్సే లేదు, అందుకని చెప్పాలి. అది మన దగ్గరిది కాదు, బీహార్‌లోని ముజఫర్‌పూర్‌ది. లిచీ తోటల జిల్లా. 1995 నుంచి దాదాపు ప్రతి ఏడాది మే, జూన్ నెలల్లో అక్కడ చిన్నపిల్లలు తెల్లవారుజామున ఫిట్స్‌తో లేచి, ఆ పూటకో మరునాటికో చనిపోతూ వచ్చారు. అక్కడివాళ్లు పెట్టుకున్న పేరు చమ్కీ బుఖార్. ఒళ్లు జర్కులిచ్చినట్టు ఎగిరిపడే జ్వరం అని. మన 'మెదడువాపు' కంటే ఆ పేరే నయం. కారణం తెలిసినట్టు నటించదు, కనబడిందే చెప్తుంది.

అక్కడ కూడా చాలా ఏళ్లు వైరస్ కోసమే వెతికారు. 2014లో పద్ధతిగా పరిశోధన చేశారు. ఆ సీజన్లో ఆస్పత్రుల్లో చేరిన 390 మంది పిల్లల్లో 122 మంది చనిపోయారు. చాలామంది పిల్లలు చేరేటప్పటికి రక్తంలో చక్కెర అడుగంటి ఉంది. ఫలితాలు 2017లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో వచ్చాయి. లిచీలో హైపోగ్లైసిన్ అనే పదార్థం, దానికి దగ్గరిదే ఇంకొకటి ఉంటాయి. లిచీ మన కుంకుడు కుటుంబానికే చెందిన చెట్టు. ఆ కుటుంబంలోదే ఆకీ అనే పండు, జమైకాలో దానివల్ల ఇట్లాంటి వాంతుల జబ్బే వచ్చేది.

అది పనిచేసే తీరు చూడండి. రాత్రి మనం ఏమీ తినకపోయినా కాలేయం దాచుకున్న చక్కెర తీసి మెదడుకు పంపుతుంది. అది అయిపోతే ఒళ్లు కొవ్వు కరిగించి ఆ బలంతో కొత్త చక్కెర తయారు చేసుకుంటుంది. లిచీలోని ఆ పదార్థం ఈ రెండో దారిని మూసేస్తుంది. కడుపునిండా అన్నం తిని పడుకున్న పిల్లకు మొదటి దారే తెల్లారేదాకా సరిపోతుంది, కాబట్టి ఏమీ కాదు. బక్కచిక్కిన పిల్ల కాలేయంలో దాచిందేమీ ఉండదు. ఆ పిల్ల పగలంతా తోటలో రాలిన పండ్లు తిని, సాయంత్రం అన్నం లేకుండా పడుకుంటే, తెల్లవారుజామున మెదడుకు తిండి ఆగిపోతుంది.

తోట యజమాని పిల్లలు కూడా అదే చెట్టు లిచీలు తింటారు. వాళ్లకు చమ్కీ రాదు.

2019లో అక్కడ 150 మందికి పైగా పిల్లలు పోయారు. ఎక్కువమంది దళిత, మహాదళిత, వెనుకబడిన కులాల కూలీల పిల్లలు. ఆ వారం దేశమంతా టీవీలు లిచీ చంపిందని మొత్తుకున్నాయి, తర్వాత తల్లులకు బుద్ధులు చెప్పాయి, పిల్లల్ని తోటల్లోకి ఎందుకు పోనిచ్చారని. తల్లి తోటలోనే కూలి చేస్తుంటే పిల్ల ఎక్కడికి పోతుంది? సాయంత్రం అన్నం పెట్టండి అనేది డాక్టర్ల సలహాలో ఉన్న మాటే, సరైన మాటే. అది తల్లికి చెప్తే సలహా. సర్కారుకు చెప్తే బియ్యం, కూలి. మనవాళ్లకు ఎప్పుడూ మొదటిదే అందుతుంది.

అన్నిటికంటే కోపం వచ్చేది మందు సంగతి. దీనికి మందుంది. వేళకు గ్లూకోజ్ ఎక్కిస్తే చాలామంది పిల్లలు బతుకుతారు. చక్కెర చూసే చిన్న మిషను, గ్లూకోజ్ సీసా, సూది పెట్టగలిగే నర్సు, ఈ మూడూ ఊరి దగ్గరి ఆస్పత్రిలో ఉంటే చాలు. జీపు కోసం తెల్లారేదాకా చూడాల్సిన పని ఉండదు. 2014 తర్వాత ఈ పద్ధతి అమలు చేసిన ఏళ్లలో చావులు తగ్గాయి కూడా.

2024 జూన్, ఆగస్టు మధ్య గుజరాత్‌లో చండీపురా మళ్లీ వచ్చింది. దేశంలో మెదడువాపు లెక్కలో రాసిన 245 కేసుల్లో 64 చండీపురా అని తేలాయి, మొత్తం 82 మంది పోయారు. ఈసారి గోడల పగుళ్లలో మందు చల్లించారు. ఇరవై ఏళ్లకు గోడ కనబడింది. పగులు పూడ్చడం దాకా వచ్చారు, గోడ మార్చడం దాకా ఇంకా రాలేదు.

మీలో వాడల్లో పనిచేస్తున్నవాళ్లున్నారు, మీకోసం రెండు పనికొచ్చే మాటలు. జపనీస్ ఎన్‌సెఫలైటిస్ ఉన్నట్టు గుర్తించిన జిల్లాల్లో సర్కారు టీకా ఉచితం. మొదటిది తొమ్మిది నెలలు నిండాక, రెండోది 16 నుంచి 24 నెలల మధ్య. కార్డులు తీసి చూడండి, రెండోది చాలామందికి తప్పిపోతుంది. జ్వరంతో ఉన్న పిల్లకు ఫిట్స్ వచ్చినా, పిలిస్తే పలక్కపోయినా తెల్లారేదాకా ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి. ఆస్పత్రిలో ముందు చక్కెర చూడమని గట్టిగా అడగండి. అడగడానికి మొహమాటపడొద్దు. పందులు మేపేవాళ్లను తిట్టేవాళ్లు ఎదురైతే, ఇండ్లకు దూరంగా దొడ్డి కట్టుకోవడానికి వాళ్లకు జాగా ఇప్పించమని పంచాయతీకి అర్జీ పెట్టమనండి. సంతకం మనమూ పెడదాం.

ఈ ఏడాది మా డిగ్రీ ఫైనలియర్‌లో ఒక ఎరుకల అమ్మాయి ఉంది. ప్రాజెక్టుకు ఏం రాస్తావంటే, వాళ్ల ఇంట్లో పందుల పెంపకం మాటలు పోగుచేస్తానంది. ఈనేముందు పందిని ఏమంటారు, గుంపుకు ముందు నడిచేదాన్ని ఏమంటారు, మేతకు ఎట్లా పిలుస్తారు. తెలుగు నిఘంటువుల్లో లేనివి ఇప్పటికే నలభై దాకా తెచ్చింది. నిన్న ఒకటి తెచ్చింది. జబ్బుపడ్డ పందిని మంద నుంచి విడదీసి వేరే కట్టేసే చోటుకు వాళ్ల దగ్గర ఒక మాట ఉందట. దాన్ని ఎట్లా రాయాలో, ఏ అక్షరాలతో పలుకు కుదురుతుందో తేలక ఇద్దరం గంటసేపు కూర్చున్నాం.